చుక్కి పసిగట్టింది

పసిగట్టడం అనే మాట ఎక్కడ పుట్టిందని నన్ను అడిగిన మనిషి హరనాథబాబు ఒక్కడే. అతను మా పక్కింటి వెంకటరత్నమ్మకు తమ్ముడు. వాళ్లది గుంటూరు వైపు. కాలువ కింద భూమి కొనుక్కుని అక్కాబావలు ఎప్పుడో వచ్చారు. తమ్ముడు ఆ తరవాత బాన్సువాడ బడికి తెలుగు పంతులుగా వచ్చి, అక్క ఇంట్లోనే ఉన్నాడు. ఇది డెబ్బై తొమ్మిదిలో సంగతి.

బడి నుంచి రాగానే అతను రెండిళ్ల నడుమ పిట్టగోడ దగ్గర నోటుబుక్కు పట్టుకుని నిలబడేవాడు. మా మాటల్లో అతనికి కొత్తది వినిపిస్తే రాసుకునేవాడు. మా సత్యమ్మ పుణ్యమా అని ఆ బుక్కు సగం నిండింది. నా వల్ల ఒక పేజీ కూడా నిండలేదు.

ఆ రోజు అతను సైకిలు దిగి గోడ దగ్గరికి వచ్చాడో లేదో, సత్యమ్మ బర్రె కింద కూర్చున్నది కూర్చున్నట్టే అడిగింది.

"ఏం సారూ, పగటి అన్నం తినలేదా?"

హరనాథబాబు తెల్లబోయాడు. "పరీక్ష పేపర్లు దిద్దుతూ మరిచిపోయానండీ. మీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్తరు? రోజు నీ సైకిలు వస్తుంటే డబ్బల చెంచ గలగల మంటది. ఇయ్యాల సప్పుడు లేదు. నిండు డబ్బ మోగదు గద."

లోపలినుంచి వెంకటరత్నమ్మ గొంతు లేచింది. "ఏరా, చీకటితో లేచి వండి పెడితే మళ్లీ మోసుకొచ్చావా? మీ పేపర్లు తింటే కడుపు నిండుతుందా?"

"అబ్బ, భలే పసిగట్టేశారండీ" అన్నాడతను, అక్క మాట విననట్టు. ఆ మాటనే మళ్లీ రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. "పసిగట్టడం. ఈ మాట ఎక్కడిదై ఉంటుందండీ, పండరి గారూ?"

నేను బర్రె ముందు చెరుకు ఆకు వేస్తున్నాను. "తెల్వది సారూ" అన్నాను.

"పసి అంటే పశువు అని ఒకచోట చూశాను. వాసన అని కూడా ఎక్కడో చదివిన గుర్తు. పశువు వాసన పట్టినట్టు పట్టడమే అయ్యుంటుంది. కానీ మీ ఆవిడ వాసన చూడలేదే! చప్పుడు విన్నారు. అది కూడా లేని చప్పుడు. మరి దీన్ని పసిగట్టడం అని ఎందుకంటాం?"

"గదంత నాకేం తెలుసు సారూ" అంది సత్యమ్మ. "మా చుక్కినడుగు. పసిగట్టుడుల దాని తర్వాతనే ఎవలైన."

చుక్కి మా బర్రె. నుదుట రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ. నెల కింద దాని దుడ్డె, పాలు తాగే దూడ, చచ్చిపోయింది. దుడ్డె లేని బర్రె చేపదు, అంటే పాలు పొదుగులోకి వదలదు. చుక్కి మాత్రం సత్యమ్మ చెయ్యి పడితే చేపేది. మరొకరు దగ్గరికి పోతే పాలు పైకి పట్టేసి, కాలు లేపేది. ఆ ఒక్క చేతి మీద మా ఇంటి పాడి నడుస్తున్నది.

అట్లాంటి రోజుల్లో బీర్కూర్ నుంచి కబురు వచ్చింది. మా బిడ్డ ప్రేమల అక్కడే, బస్సు ఆగే చోటి పక్కనే కాపురం. నెలలు నిండి ఉంది. రెండో కాన్పు కనుక అత్తగారింట్లోనే చేస్తామన్నారు. ఇంతలో వాళ్ల అత్త బావి దగ్గర జారి పడి చెయ్యి విరిగింది. ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. మొదటి కాన్పులో ప్రేమల చావు దాకా పోయి వచ్చింది. ఆ భయం మాకు ఇంకా తీరలేదు.

సత్యమ్మ మూట కట్టింది. విప్పింది. మళ్లీ కట్టింది.

"నేను పోతే దీన్నెవరు పిండుతరు? నాలుగు రోజులు పాలు ఆగితే వట్టిపోతది."

"నేను పిండుత" అన్నాను.

"నీకు చేపుతదా?"

"చేపుతది."

ఆమె నా మొహం చూసింది. నేను పలుపుతాడు సర్దుతున్నట్టు వంగాను.

"గట్లయితే రోజు పొద్దటి బస్సుకు పాలు పంపు. పిల్లకు ఒంట్ల సత్తువ లేదు. వాళ్లింట్ల ఎడ్లే ఉన్నయి గని పాడి లేదు. ఇంకొక్క మాట. చుక్కి ఇయ్యకపోతే ఆ పొద్దే చెప్పి పంపు. నేను వచ్చేస్త."

"ఇరవై ఒక్క రోజులు నువ్వు ఇటు దిక్కు చూడకు" అన్నాను.

ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలో వేసేదాకా ఆమె అక్కడ ఉండాలని నా లెక్క. ఆమె తన ముతక చీర, పని చీర, కట్టుకునే బస్సెక్కింది. అక్కడా పనే కదా అని.

ఆ సాయంత్రం చెంబు పట్టుకుని చుక్కి కింద కూర్చున్నాను. పొదుగు నిండి గట్టిగా ఉంది. వేన్నీళ్లతో కడిగాను. తవుడు కలిపిన కుడితి పెట్టాను. చన్ను పట్టుకోగానే అది తల తిప్పి చూసింది. చూసి, చెంబును తన్నింది. చెంబు పోయి గోడకు కొట్టుకుంది. రెండోసారి చెంబు బదులు నన్ను తన్నింది.

తెల్లవారి నాకొక ఆలోచన వచ్చింది. ఇంట్లో ఆడమనిషి లేనప్పుడు మగవాళ్లు చీర కట్టుకుని బర్రెను పిండడం మా వైపు ఉన్నదే. మా నాయిన కూడా ఒకసారి కట్టాడు. పెట్టె తెరిచి, ఉన్నవాటిలో మంచిది, ప్రేమల పెండ్లికి కొన్న ఆకుపచ్చ చీర తీసి ధోవతి మీదనే చుట్టుకున్నాను. నెత్తి మీద కొంగు కూడా కప్పుకున్నాను. మీసం సంగతి ఏం చెయ్యాలో తెలియలేదు.

చుక్కి దగ్గరికి పోయాను. అది మూతి చాపి చీరను వాసన చూసింది. ఒక్క తుమ్ము తుమ్మింది. నా మొహం, చీర, కొంగు అంతా తడిసింది. పురుగు పట్టకుండా పెట్టెలో వేసిన డాంబర్ గోలీల ఘాటు దాని ముక్కుకెక్కింది. రెండడుగులు వెనక్కి జరిగి, పలుపు తెంచుకునేంత పని చేసింది.

"అయ్యో! ఎవరండీ పొద్దున్నే చుట్టాలొచ్చారూ?"

గోడమీద వెంకటరత్నమ్మ తల. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. తరవాత ఆపుకోలేదు.

"అన్నయ్యగారూ, చీర భలే నప్పిందండీ. కుచ్చిళ్లు మాత్రం కుదర్లేదు. మా ఆయన చూడకుండా లోపలికి పదండి, ఊరంతా చెప్పేస్తారు."

నాకు బస్సు సమయం అవుతోంది. ఖాళీ క్యాను చేతిలో ఉంది. దాన్ని గోడ మీద పెట్టాను.

ఆమె నవ్వడం ఆపేసింది. "ఇవ్వలేదా గేదె?"

"ఇయ్యలే."

"సత్యమ్మగారికి కబురు పెట్టరా?"

"పెడితే వచ్చేస్తది."

ఆమెకు ఇంకేం చెప్పనక్కరలేకపోయింది. ప్రేమల మొదటి కాన్పు రాత్రి లాంతరు పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డది ఆమే. క్యాను తీసుకుపోయి, తమ గేదె పాలు నింపి తెచ్చింది. "ఇవి పంపించండి. పాలు పాలే కదా. మా పాలేం నల్లగా లేవు" అంది. మళ్లీ తనే అంది, "ఆవిడ పసిగట్టకుండా ఉంటే చాలు."

బీర్కూర్ బస్సు కండక్టరు సమ్మన్న మాకు ఎరుకైన మనిషి. క్యాను తీసుకుని డ్రైవరు వెనక సీటు కింద పెట్టుకున్నాడు. "పండరన్నా, నీ పాలకు టికెటు కొట్టాల్నా? పసిపిల్లల లెక్క కింద ఊకెనే తీస్కపోదునా?" అని పరాచికమాడాడు. సాయంత్రం ఖాళీ క్యానుతో పాటు కబురు తెచ్చాడు. ప్రేమలకు ఆడపిల్ల. పిల్ల బాగుంది. తల్లికి జ్వరం. సత్యమ్మ మంచం పక్క నుంచి కదలడం లేదు.

ఆ రోజు చుక్కి ఇవ్వలేదు. మరునాడు ఇవ్వలేదు. వెంకటరత్నమ్మ తనే వచ్చి కూర్చుంది. చుక్కి ఆమె చేతిని కూడా ఒప్పుకోలేదు. ఆమె మర్యాదస్తురాలని తన్నలేదు, అంతే. నేను పొద్దున, సాయంత్రం వేన్నీళ్ల కాపడం పెట్టి, బలవంతంగా పావుశేరు పిండేవాణ్ణి. అదీ బొట్టు బొట్టుగా. పొదుగు గట్టిపడుతోంది. పాలు తగ్గుతున్నాయని చేతికి తెలుస్తోంది.

మూడో రోజు సాయంత్రం హరనాథబాబు గోడ ఎక్కి కూర్చున్నాడు. అక్క అంతా చెప్పినట్టుంది. చీర సంగతి కూడా చెప్పినట్టుంది, మొహంలో కనిపిస్తోంది.

"పండరి గారూ, చీర వల్ల కాలేదంటే గేదె చూపుతో కాదు, ముక్కుతోనే పోలుస్తోందన్నమాట. అంటే పసి అంటే వాసనే. నేను అనుకున్నదే నిజం."

"వాసన కాదు సారూ" అన్నాను.

"మరి?"

"పువ్వుకు వాసన ఉంటది. పులుసుకు ఉంటది. వాటికి పసి అనం. పసి పానం ఉన్నదానికే ఉంటది. మనిషికి మనిషికి వేరే. ఉతికితే వాసన పోతది. పసి పోదు, మనిషి మీదనే ఉంటది. ఆ పచ్చ చీరకు చాకలి వాసన ఉన్నది, డాంబరు వాసన ఉన్నది. సత్యమ్మ లేదు అండ్ల."

అతను పెన్ను ఎత్తి పట్టుకుని అట్లాగే చూస్తున్నాడు. నా నోటి నుంచి అన్ని మాటలు ఒక్కసారే రావడం అతనికి కొత్త. రాసుకోవడం మరిచిపోయాడు. "మళ్లీ చెప్పండి" అన్నాడు.

"ఒక్కసారి చెప్పిన గద" అన్నాను.

నాలుగో రోజు సాయంత్రం బస్టాండులో సమ్మన్న క్యానుతో పాటు ఒక చిన్న మూట కూడా చేతికిచ్చాడు.

"ఏందిది?"

"నాకేం తెలుసన్నా. వదిన ఇచ్చింది."

"ఏమన్నది?"

"ఏమనలే. పొద్దున నేను క్యాను ఇచ్చిన. మూత తీసింది. ముక్కు దగ్గర పెట్టుకున్నది. నవ్వింది. 'ఇవి పిల్లిపెసర మేసిన బర్రె పాలు, మాది చెరుకు ఆకు తింటది' అన్నది. లోపలికి పోయి గీ మూట తెచ్చి ఇచ్చింది. సాయంత్రం తిరుగు బస్సుకు నీకియ్యమన్నది."

దొరికిపోయాను. పిల్లిపెసర గింజలు గుంటూరు నుంచి తెచ్చి వరి కోసిన మళ్లలో మేతకు చల్లేది వెంకటరత్నమ్మ వాళ్లే. నాలుగు రోజులు దాచాననుకున్నాను. ఆమె ఏ రోజు పసిగట్టిందో, ఎన్ని రోజులు ఊరుకుందో.

"వస్తనన్నదా?" అని అడిగాను.

"రేపటి పాలు చూసి చెప్త అన్నది. మంచిగుంటే ఉంటదట. లేకుంటే తిరుగు బస్సుకే ఎక్కుతదట. గని అన్నా, ప్రేమలకు ఇంక జ్వరం దిగలే. వదిన ముఖం చూస్తే నాకే పాపమనిపించింది. ఇటు రావాల్నా, అటు ఉండాల్నా అన్నట్టున్నది."

ఇంటికి వచ్చి మూట విప్పాను. ఆమె పని చీర. ఉతకలేదు. నాలుగు రోజులు బాలింత ఇంట్లో చాకిరి చేసిన చీర. పసుపు, వేపాకు పొగ, పొయ్యి బూడిద, నూనె. వాటన్నిటి కింద ఇంకొకటి ఉంది. దానికి పేరు నాకు తెలియదు. ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఉన్నదే. ఇంట్లో ఉన్నప్పుడు ఏనాడూ తెలియలేదు.

చీర చుట్టుకున్నాను. ఈసారి వెంకటరత్నమ్మ గోడ మీద నుంచి నవ్వలేదు. "కుచ్చిళ్లు ఎడమకి దోపండి అన్నయ్యగారూ" అని మెల్లగా చెప్పి లోపలికి పోయింది.

కొట్టంలోకి అడుగుపెట్టగానే చుక్కి చెవులు లేపింది. మూతి చాపింది. కొంగు మొదలు నుంచి చివరిదాకా ముక్కు పెట్టుకుంటూ పోయింది. తరవాత గరుకు నాలుకతో నా మోచెయ్యి నాకింది. దుడ్డె పోయిన తరవాత అది ఎవరినీ నాకలేదు. నేను కింద కూర్చున్నాను. చన్ను పట్టాను. తన్నలేదు. పొదుగు కొంచెం మెత్తబడింది. రెండు ధారలు చెంబులో పడ్డాయి. మూడోది సన్నగా వచ్చింది. నాలుగోది రాలేదు.

చుక్కి తల తిప్పి నన్ను చూసింది. కోపంగా కాదు. ఏదో అడుగుతున్నట్టు.

ఇంకేం కావాలి? చీర ఉంది. కుడితి ఉంది. వేన్నీళ్లు పెట్టాను. కూర్చున్న చోటు కూడా ఆమె కూర్చునే చోటే. నేను చన్ను వదలకుండా అట్లాగే ఉండిపోయాను. ఏం తక్కువైందో తెలియక చెవి పెట్టి విన్నాను. పక్కింట్లో రుబ్బురోలు చప్పుడు. దూరంగా బండి చక్రం. కొట్టంలో మాత్రం ఏమీ లేదు. ఈ వేళప్పుడు మా కొట్టం ఇంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు.

అప్పుడు అర్థమైంది. సత్యమ్మ చెంబు పట్టుకున్నప్పటి నుంచి నురుగు అంచుకు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంటుంది. కందిపప్పు ఉడకలేదని, చీమలు పట్టాయని, ఆశన్న కొడుకు సినిమాకు పోయాడని. ఎవరితో మాట్లాడుతుందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. నాతో అనుకుని అప్పుడప్పుడు ఊఁ కొట్టేవాణ్ణి. ఆమె మాట్లాడింది చుక్కితో. చీర వచ్చింది గాని మాట రాలేదని చుక్కి చూస్తోంది.

మాట్లాడాలి. ఎవరూ వినరు, బర్రె తప్ప. అయినా ఒకసారి వాకిలి వైపు చూశాను.

"చుక్కీ" అన్నాను.

చెవి ఒకటి నా వైపు తిరిగింది.

"చెరుకు నరుకుడు షురువైంది" అన్నాను. ఇంకేం చెప్పాలి? "కెనాల నీళ్లు తక్కువున్నయి. రత్తయ్య పటేలు మోటరు పెడుతడట."

ఒక ధార పడింది. నాకు ధైర్యం వచ్చింది.

"ప్రేమలకు బిడ్డ పుట్టింది. నల్లగున్నదట. నా లెక్కనే. సత్యమ్మ లెక్క ఎర్రగ పుడితే బాగుండు గని, ఏం చేస్తం? జ్వరం దిగుతలేదట. మొదటి కాన్పుల నేను వాకిట్ల కూసున్న. ఒక్క మాట మాట్లాడలే. అందరు నాకు గుండె ధైర్యం అనుకున్నరు. ధైర్యం లేదు పాడు లేదు. నోరు తెరిస్తే ఏడుపొస్తదని మూసుకున్న."

పొదుగు మెత్తగా దిగింది. రెండు చేతులా ధార పడుతోంది. నేను ఆపలేదు. ఆపితే పాలు ఆగుతాయని భయం.

"నీ దుడ్డె పోయినప్పుడు గూడ నేనే గుంత తీసిన. అప్పుడు గూడ ఏమనలే. నువ్వు రెండు రోజులు అరిచినవు. నాకు నిద్ర పట్టలే. సత్యమ్మ వచ్చి నీ మెడ పట్టుకుని ఏడ్చింది. నేను దూరం నిలబడ్డ. తప్పే. నాకు రాదు అట్ల. ఇగ సత్యమ్మ సంగతి చెప్పాల్నా? నాలుగు రోజులాయె. ఇంట్ల మాట లేదు. అది ఉన్నప్పుడు ఎందుకింత లొల్లి అనుకుంటుంటి. ఇప్పుడు రొట్టె తింటుంటే నమిలే సప్పుడు నాకే ఇనబడుతుంది. నువ్వొక్కదానివే ఎదురు చూస్తున్నవనుకుంటున్నవా?"

నురుగు చెంబు అంచు దాటి నా చేతి మీదికి పొంగింది.

గోడ అవతల ఎవరో ముక్కు చీదారు. ఆ తరవాత వెంకటరత్నమ్మ గుసగుస వినిపించింది. "ఒరేయ్, రాయకురా! పాపం, అవి రాసుకునే మాటలు కావు."

"రాయడం లేదక్కా. పెన్నులో ఇంకు అయిపోయింది" అన్నాడు హరనాథబాబు.

ఇద్దరూ ఎంతసేపటి నుంచి ఉన్నారో. చెంబు పట్టుకుని, చీరతోనే, వెనక్కి చూడకుండా ఇంట్లోకి పోయాను.

మరునాడు పొద్దున చుక్కి మళ్లీ ఇచ్చింది. నిన్నటి మాటలు అయిపోయాయి గనుక, ఊళ్లో ఏ చేను ఎవరిదో వరసగా చెప్పుకుంటూ పిండాను. దానికి అది కూడా సరిపోయింది. క్యాను నింపి సమ్మన్నకు ఇచ్చి, సాయంత్రం దాకా చేలో ఏ పనీ చేతికి పట్టలేదు. బస్సు రావాల్సిన సమయానికి ముందే బస్టాండుకు పోయి నిలబడ్డాను. సత్యమ్మ దిగుతుందేమోనని దిగే ప్రతి కాలూ చూశాను. ముసలివాళ్ల కాళ్లు, బడిపిల్లల కాళ్లు. చివరికి సమ్మన్న దిగాడు, నవ్వుకుంటూ.

"పాలు చూసింది. నీ చుక్కివే అన్నది. ఇగ ఇరవై ఒక్క రోజులు అయినంకనే వస్తదట. ప్రేమలకు గూడ పొద్దున చెమట పట్టి జ్వరం దిగింది. ఫికర్ చెయ్యకు."

నేను ఖాళీ క్యాను అందుకుని తిరిగాను.

"ఆగన్నా, ఇంకొకటున్నది" అన్నాడు సమ్మన్న. "నువ్వు బర్రెతోని ఏం మాట్లాడినవో అడిగి రమ్మన్నది."

నేను వెనక్కి తిరిగాను. "మాట్లాడిన్నని ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే. 'చీర పంపిన గని నోరు పంపలే. చుక్కి ఒట్టి చీరకు ఇంత పాలియ్యదు. అంటే ఆయన నోరు తెరిచిండు' అన్నది. చెప్పన్నా, ఏం మాట్లాడినవు?"

"ఏం లేదని చెప్పు."

"ఏం లేదంటడు, అయినా అడుగు అని గూడ చెప్పింది."

ఆ తరవాత రోజూ ఇదే వరస. పొద్దున పాలు పోయేవి. సాయంత్రం ఖాళీ క్యానూ, అదే ప్రశ్నా వచ్చేవి. "నాకెందుకన్నా గీ కిరికిరి? మొగడు పెండ్లాల నడుమ నేను టపాలు మొయ్యాల్నా, టికెట్లు కొట్టాల్నా?" అని సమ్మన్న తిట్టేవాడు. బస్సులో రోజూ పోయేవాళ్లకు కూడా తెలిసిపోయింది. "పండరీ, ఇయ్యాల బర్రెతోని ఏం ముచ్చట?" అని కిటికీల్లోంచి అడిగేవాళ్లు. నేను క్యాను ఇచ్చేసి వచ్చేవాణ్ణి.

హరనాథబాబు మాత్రం గోడ దగ్గర తన లెక్క తేల్చుకున్నాడు. "పసి అంటే వాసనా, పశువా అని నేను కొట్టుకున్నాను గానీ పండరి గారూ, మీ గేదె చీర వాసన పట్టి, చాలదని మాట కోసం చూసింది. మీ ఆవిడ పాల వాసన పట్టి, ఆ తరవాత పాలు వచ్చాయంటే మాట కూడా వచ్చిందని తెలుసుకుంది. మొదట ముక్కుతోనే పుట్టి ఉంటుంది ఈ మాట. ఆ తరవాత ముక్కు దాటి వచ్చేసింది. ఏమంటారు?"

"అంతేనేమో సారూ" అన్నాను. నాకు అప్పటికి నోటికి ఖర్చు చాలా అయింది.

మనవరాలిని తొట్టెలో వేసిన మరునాడు సత్యమ్మ వచ్చింది. బస్సు దిగి, ఇంట్లోకి పోకుండా నేరుగా కొట్టంలోకి పోయింది. చుక్కి మెడ పట్టుకుని మాట్లాడింది, పొదుగు తడిమి చూసింది, కొమ్ములకు నూనె రాయలేదని నన్ను తిట్టింది. సాయంత్రం పని చీర కట్టుకుని చెంబు పట్టుకుని కూర్చుంది. నేను గడ్డి వేస్తున్నాను.

"మనవరాలు నల్లగున్నదని ఎవలన్న అంటే నేనూకోను. కండ్లు చూడాలె దాని కండ్లు. ఇంకొకటి చెప్తినా..." అని ఆమె మొదలుపెట్టింది. రెండు ధారలు పడ్డాయి. ఆగాయి.

"ఏందే? నేనే వచ్చిన. ఎవలనుకున్నవు?"

చుక్కి తల తిప్పి గడ్డి మోపు పక్కన నిలబడ్డ నన్ను చూస్తోంది. సత్యమ్మ దాన్ని చూసింది. నన్ను చూసింది. మళ్లీ దాన్ని చూసింది. మొహం నిండా నవ్వు పరుచుకుంది.

"ఏమయ్యా, ఇటు రా."

"ఎందుకు?"

"దీనికి నీ ముచ్చట మరిగింది. వచ్చి కూసో. మాట్లాడు."

"నువ్వు మాట్లాడుతున్నవు గద. చాలదా?"

"నాకు గాదు, దానికి చాలుతలేదు. రా, పాలు పైకి పోతున్నయి."

పోయి ఆమె పక్కన చతికిలపడ్డాను. "ఏం చెప్పాలె?"

"బస్సుల అడిగి పంపితే చెప్పలేదు గద, గదే చెప్పు. ఆ పొద్దు ఏం చెప్పినవో."

"గది నువ్వు ఇనేది కాదు."

"నేను ఇంటలేను. పిండుతున్న" అంది. తల వంచి నుదురు చుక్కి పక్కకు ఆనించుకుంది.

గోడ వైపు చూశాను. ఎవరూ లేరు. ఉన్నా తల వంచుకుని ఉంటారు. గొంతు సవరించుకుని చెరుకు నరుకుడు దగ్గర మొదలుపెట్టాను. కాలువ నీళ్లు చెప్పాను. వాకిట్లో కూర్చున్న రాత్రి చెప్పాను. గుంత తీసిన రోజు చెప్పాను. ధార చెంబు అడుగున మోగి, తరవాత పాల మీద మెత్తగా పడసాగింది. రొట్టె నమిలే చప్పుడు దాకా వచ్చి ఆగాను. చుక్కి కాలు కదిపింది. ఇగ తప్పదని అది కూడా చెప్పేశాను.

చెంబు నిండేదాకా సత్యమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.